స్వటోర్ కంపానియన్లు: ఉంటే ఒక గొడవ, లేకపోతే ఇంకో గొడవ

ముందే చెప్పేస్తున్నాను, 'స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్' అనే ఆన్‌లైన్ గేమ్ మొత్తానికి ఇది రివ్యూ కాదు. 2011 డిసెంబర్ 20న వచ్చిన ఆట. బొమ్మలు పాతబడ్డాయి, మొహాలు కొయ్యబొమ్మల్లా ఉంటాయి, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నేను రాస్తున్నది అందులో మన వెనకాలే తిరిగే, కంప్యూటరే నడిపే కంపానియన్ల గురించి. ఈ ఆటని ఇన్నేళ్ళుగా పట్టుకు వేలాడ్డానికీ, మధ్యమధ్యలో తిట్టుకుని తీసి పారేయడానికీ నాకు వాళ్ళే కారణం. ఆడేవాళ్ళంతా ముద్దుగా స్వటోర్ అంటారు, నేనూ అలాగే అంటాను.

ఉండేది కూర్మన్నపాలెం, పని చేసేది స్టీల్ ప్లాంట్‌లో. ఏ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి, సీ షిఫ్టు రాత్రంతా. షిఫ్టు బతుకుల్లో స్నేహితులతో కలిసి ఆడటం కుదరదు. నేను లేచేసరికి వాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు, వాళ్ళు ఖాళీ అయ్యేసరికి నేను కంట్రోల్ రూమ్‌లో ఉంటాను. అందుకని కంపానియన్ బాగుంటే నాకు ఆట బాగున్నట్టు, కంపానియన్ చచ్చుగా ఉంటే ఆట చచ్చుగా ఉన్నట్టు. ఎనిమిది మందితో గుంపు కట్టి ఆడేవాళ్ళకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రిపబ్లిక్ వైపు నాలుగు, సామ్రాజ్యం వైపు నాలుగు, మొత్తం ఎనిమిది క్లాసులు, అంటే మనం ఎంచుకునే పాత్ర రకాలు. ఒక్కోదానికీ ఒక్కో కథ, మన పాత్రతో సహా అందరూ గొంతు విప్పి మాట్లాడతారు. ఒక్కో కథలో ఐదుగురు కంపానియన్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మన ఓడ ఎక్కుతారు. బయట తిరిగేటప్పుడు ఒక్కరే వెంట వస్తారు, యుద్ధంలో సాయం చేస్తారు. మనం ఎవరితోనైనా మాట్లాడుతుంటే పక్కన నిలబడి వింటారు. మనం అన్నమాట నచ్చితే నచ్చిందనీ, నచ్చకపోతే నచ్చలేదనీ తెర మీద పడుతుంది. మిగతావాళ్ళని ఓడలో ఖాళీగా కూర్చోబెట్టక్కర్లేదు, సరుకులు ఏరుకు రమ్మని పంపొచ్చు, కత్తులూ కవచాలూ చేయించొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. సంచి నిండిపోయినప్పుడు పక్కనున్న కంపానియన్‌కి చెత్త సామానంతా అప్పజెప్పి అమ్ముకు రమ్మంటే, కాసేపు మాయమై, అమ్మేసి డబ్బుతో తిరిగొస్తారు. ఎక్కడున్నా సరే, ఎడారి నడిమధ్యలో ఉన్నా సరే. ఎవరికి అమ్మారో, ఎలా వెళ్ళొచ్చారో అడగకూడదు.

ఈ ఐదుగురితో పాటు ఓడలో ఒక డ్రాయిడ్, అంటే రోబో కూడా ఉంటుంది. సామ్రాజ్యం వైపైతే టూవీ-ఆర్ఎయిట్, రిపబ్లిక్ వైపైతే సీటూ-ఎన్‌టూ. వీటికి నేను సున్నా మార్కులు వేస్తున్నాను. ఓడ ఎక్కినప్పుడల్లా అదే వినయం, అవే దండాలు. ఈ డ్రాయిడ్ని గాలిలోకి తోసేసే మీట పెడితే డబ్బిచ్చి కొంటామని ఆటగాళ్ళు జోకులేసుకుంటారు, నేనూ ఆ బాపతే.

ఇక అసలు మనుషుల దగ్గరికి వద్దాం. నా మొదటి పాత్ర సిత్ వారియర్, అంటే సామ్రాజ్యం వైపు చీకటి శక్తి పట్టిన యోధుడు. కొరిబాన్ గ్రహం మీద జైల్లో దొరుకుతుంది వెట్. నీలం రంగు ట్విలెక్ జాతి పిల్ల, సమాధుల్లో దొంగతనానికి వచ్చి దొరికిపోయింది, మెడకి షాక్ కొట్టే పట్టీ. జైలువాడు ఆమెనీ, ఆ పట్టీ రిమోట్‌నీ కలిపి మన చేతిలో పెట్టేస్తాడు. ఇక అక్కణ్ణుంచి ఆమె ఏదైనా ఎదురు మాట్లాడినప్పుడు జవాబుల్లో ఒకటి 'షాక్ కొట్టు' అని ఉంటుంది. ఇంకో దారి కూడా ఉంది, పట్టీ తీసేయడం.

అప్పుడు మా అమ్మాయి అయిదో తరగతి. నా పక్కన కూర్చుని హోంవర్క్ చేస్తోంది అనుకున్నాను, తెర చూస్తోంది. "నాన్నా, ఆ అక్క మెడలో అదేంటి?" అంది. చెప్పాను. "మరి నువ్వు తియ్యవా?" తీస్తానులే, కథ కొంచెం ముందుకి వెళ్ళనీ అన్నాను. "ఇప్పుడు తియ్యొచ్చా?" తియ్యొచ్చు. "మరి?" అప్పటికే పెన్సిలు కింద పెట్టేసి నాకేసి చూస్తోంది. నేను చెడ్డ సిత్‌గా ఆడదామని మొదలుపెట్టినవాణ్ణి, ఆ సాయంత్రంతో నా సిత్ సగం సాధువైపోయాడు. ఆ తర్వాత వెట్ ఎప్పుడు తెర మీదకి వచ్చినా మా అమ్మాయి ముందు మెడ చూసేది.

కంపానియన్లు బాగా రాస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు. వెట్ చేసే డ్యామేజ్ ఎంత, ఆమె పిస్తోళ్ళు ఏ స్థాయివి అన్నవి మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. డార్త్‌లనే పెద్ద పెద్ద సిత్ ప్రభువులు గంభీరంగా ప్రసంగాలు చేస్తుంటే వెనకనుంచి వెటకారంగా ఆమె వేసే చురకలు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

రెండోవాడు మాలవాయ్ క్విన్. ఇక్కడ కథ బయటపెడుతున్నాను, ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా, తర్వాతి పేరా దాటేయండి. బల్మోరాలో చేరతాడు. ఇస్త్రీ నలగని సామ్రాజ్యపు సైనికాధికారి. క్రమశిక్షణ అంటాడు, సామ్రాజ్యం అంటాడు, దయ చూపిస్తే మొహం చిట్లిస్తాడు. నాకు మొదటిరోజు నుంచీ పడలేదు. కానీ సిత్ వారియర్ ఐదుగురిలో హీలర్, అంటే గాయాలు మాన్పేవాడు, అతనొక్కడే. వెట్ దూరంనుంచి కాల్చే మనిషి, జేసా కత్తి పట్టే మనిషి, పియర్స్ దెబ్బలు కాసే ట్యాంక్, బ్రూన్‌మార్క్ అనే తెల్ల బొచ్చు, నాలుగు కళ్ళ టాల్జ్ జాతి జీవి నరకడం తప్ప ఇంకేమీ తెలియనివాడు. పెద్ద బాస్ దగ్గర చావకుండా ఉండాలంటే క్విన్‌ని తీసుకెళ్ళక తప్పదు. పెళ్ళివారి బస్సులో మిగిలిన ఒక్క సీటూ మనకి గిట్టని చుట్టం పక్కనే దొరికినట్టు, గ్రహాల తరబడి అతనితోనే తిరిగాను.

తిరగ్గా తిరగ్గా అలవాటైపోయాడు. సరిగ్గా అప్పుడు, మూడో అంకంలో, మన గురువు డార్త్ బారాస్ మాట విని మనల్ని ఉచ్చులోకి లాగుతాడు. మన యుద్ధాలన్నీ పక్కనుండి చూసి, మన ఎత్తుగడలన్నీ కొలిచి, మనల్ని చంపడానికే తయారు చేయించిన డ్రాయిడ్లని ఎదురుగా నిలబెడతాడు. ఎంత నొప్పెట్టిందంటే కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్ళి నించున్నాను. వెనక్కొచ్చి ఆ డ్రాయిడ్లని పగలగొట్టాక, క్విన్‌ని చంపుదామంటే ఆట ఒప్పుకోదు. గొంతు నులమొచ్చు, తిట్టొచ్చు, అంతే. మర్నాడు మళ్ళీ ఓడలో అదే చోట, అదే ఇస్త్రీ బట్టల్లో. మళ్ళీ అతనే హీలర్. ఆడపాత్రతో అతన్ని ప్రేమించి పెళ్ళిదాకా వెళ్ళినవాళ్ళ బాధ ఇంకో ఎత్తు. చంపనివ్వకపోవడం అన్యాయమని ఏళ్ళ తరబడి ఆటగాళ్ళు మొత్తుకున్నారు. అన్యాయమే. కానీ నాకు అవసరమైన మనిషి, నన్ను మోసం చేసిన మనిషి ఒకడే కావడం వల్ల వచ్చిన ఆ ఉక్కపోత ఇంకే ఆటలోనూ నాకు దొరకలేదు.

ఇదంతా 2015కి ముందు. ఆ ఏడాది అక్టోబర్లో 'నైట్స్ ఆఫ్ ది ఫాలెన్ ఎంపైర్' అనే విస్తరణతో ఆట తయారుచేసిన బయోవేర్ వాళ్ళు కంపానియన్ల పద్ధతే మార్చేశారు. అప్పటినుంచి ప్రతి కంపానియనూ ట్యాంకే, హీలరే, డ్యామేజే. ఒక మీట నొక్కితే పాత్ర మారిపోతుంది. వాళ్ళకి వేరే కవచాలు కొనక్కర్లేదు, వేసే బట్టలు అందానికి మాత్రమే. అంతకుముందు 'అఫెక్షన్' అని ఉండేది, మన మాటల్ని బట్టి పెరిగేది, తగ్గేది. దాన్ని తీసేసి 'ఇన్‌ఫ్లుయెన్స్' పెట్టారు, 50 దాకా పెరుగుతుంది, తగ్గడమనేదే లేదు. వాళ్ళ ముందు ఊళ్ళు తగలబెట్టినా, నచ్చలేదు అని తెర మీద పడుతుందే గానీ, పోయేదేమీ లేదు.

అందులో మంచి ఏదో, చెడు ఏదో అన్న దగ్గరే నాకూ మా బావమరిదికీ పడదు. వాడు మధురవాడలో ఉంటాడు, బొబ్బిలిలో పెరిగాడు, కోపమొస్తే బొబ్బిలి బయటికొస్తుంది. వాడి ఆట బౌంటీ హంటర్, డబ్బు కోసం మనుషుల్ని వేటాడేవాడి క్లాసు. అందులో బ్లిజ్ అని జావా జాతివాడు ఒకడుంటాడు, మోకాలెత్తు మనిషి, చేతిలో తనంత రాకెట్ లాంచర్. వాడికి ప్రాణం. పాత పద్ధతిలో బ్లిజ్ ట్యాంక్, హీలర్ మాత్రం అదే కథలోని మాకో. బాస్ గట్టివాడైతే బ్లిజ్‌ని ఓడలో దింపేసి మాకోని తీసుకెళ్ళాల్సొచ్చేది. ఇప్పుడా బాధ లేదు.

"ఏటి బావా నీ గోల? నాకు నచ్చినోణ్ణి నేను ఎంటేసుకెల్తాను. ఈలర్ అని సెప్పీసి నచ్చనోణ్ణి ఎందుకు మొయ్యాలి? మనం గేమ్ ఆడతన్నామా, సంసారం సేత్తన్నామా?" అంటాడు.

వాడి మాటలో నిజం లేకపోలేదు. పాత రోజుల్లో ఐదుగురికీ విడివిడిగా కవచాలు సమకూర్చడమంటే జేబు ఖాళీ. నాకు మంచి బూట్లు దొరికితే నా పాతవి పియర్స్‌కి, వాడి పాతవి ఇంకొకరికి. ఓడ ఎక్కితే యుద్ధం చెయ్యడం మానేసి బట్టలు సర్దుతూ కూర్చునేవాణ్ణి. అఫెక్షన్ కూడా అంత పవిత్రమైనదేమీ కాదు. దాన్ని బహుమతులతో పెంచుకోవచ్చు. ఒకరికి ఆయుధాలిష్టం, ఒకరికి పాతకాలపు కళాఖండాలు, ఒకరికి తిండి పదార్థాలు, ఒకరికి దొంగ సరుకు. పొద్దున్న వెట్ మనసు విరిగేలా ఏదో చేసి, సాయంత్రం ఆమెకిష్టమైనవి నాలుగు చేతిలో పెడితే లెక్క సరిపోయేది. లంచంతో నడిచే ప్రేమ అది. ఆ లంచానికి బెంగపడుతున్నావా అని వాడు అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు.

అయినా సరే, బ్రూన్‌మార్క్ నాకు వైద్యం చెయ్యడమేంటి? శత్రువుల నెత్తురు తప్ప ఇంకో ధ్యాస లేని జంతువు. వాడు నా వెనక నిలబడి గాయాలు మాన్పుతుంటే మొదటిసారి గట్టిగా నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. ఖెమ్ వాల్ సంగతీ అంతే. సిత్ ఇంక్విజిటర్ కథలో మొదట వచ్చే కంపానియన్. ఎప్పుడో చచ్చిపోయిన తులక్ హోర్డ్ అనే ప్రభువుకి సేవకుడు. మనల్ని ఆయనతో పోల్చి, నువ్వొక పిల్లకాకివి, ఏదో ఒకరోజు నిన్ను తినేస్తాను అన్నట్టే మాట్లాడతాడు. అది కూడా వాడి సొంత భాషలో, కింద అక్షరాలు పడతాయి. జాగ్రత్తగా వింటే అవే నాలుగైదు ధ్వనులు తిప్పి తిప్పి వాడారని తెలిసిపోతుంది, మా బావమరిది వాటిని వరసగా అప్పజెప్పగలడు. తినేస్తానన్నవాడు దెబ్బలు కాస్తుంటే అందం. వాడే పక్కన నిలబడి ఒంటికి మందు రాస్తుంటే బెదిరింపుకి విలువేముంది?

కొత్త పద్ధతి వచ్చినప్పుడు ఇంకో రభస కూడా జరిగింది. కంపానియన్లు మరీ బలంగా తయారయ్యారు. హీలర్‌గా పెట్టుకుంటే మనం కుర్చీలో జారబడి కూర్చున్నా చావం. కొంతమంది ఆట పిల్లల ఆటైపోయిందన్నారు. తర్వాతి ప్యాచ్‌లో, అంటే సవరణలో, బలం కోసేశారు. దానితో రెండోవర్గం లేచింది. ఒంటరిగా ఆడేవాళ్ళు, చేతులు చురుగ్గా కదలనివాళ్ళు, పెద్ద వయసువాళ్ళు, మా ఆట మాకు కాకుండా చేశారని అడిగారు. కొంత మళ్ళీ పెంచారు. నేను రెండో వర్గం. అంతకుముందు 'హీరోయిక్' మిషన్లంటే ఇద్దరు ముగ్గురు మనుషులుంటే తప్ప ముట్టుకోలేనివి, ఇప్పుడు కంపానియన్‌తో ఒక్కణ్ణే చేసేస్తున్నాను. అంటే బ్రూన్‌మార్క్ వైద్యాన్ని వెక్కిరిస్తూనే ఆ వైద్యంతోనే బతుకుతున్నాను. వెక్కిరించే హక్కు ఇంకా ఉందనే అనుకుంటున్నాను.

గుంపు దొరకదా అంటే, టైము లెక్క చూడండి. సీ షిఫ్టు దిగి ఇంటికొచ్చి టిఫిన్ చేసేసరికి ఎనిమిది. అప్పుడు అమెరికా తూర్పు తీరంలో రాత్రి తొమ్మిదిన్నరో, పదిన్నరో, అక్కడి సర్వర్లలో మంచి సందడి. నాకేమో కళ్ళు మండుతుంటాయి. బీ షిఫ్టు దిగి పదకొండింటికి కూర్చుంటే 2023లో సిడ్నీలో పెట్టిన షే విజ్లా సర్వర్లో తెల్లవారుజాము మూడున్నర దాటి ఉంటుంది, కుక్క కూడా కనపడదు. అదే టైముకి యూరప్‌లోని డార్త్ మాల్గస్ సర్వర్లో సాయంత్రం ఆరున్నర, ఏడున్నర. మనకి అన్నిటికన్నా కలిసొచ్చేది అదే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అక్కడ మొదలుపెట్టండి. నా పాత పాత్రలన్నీ అమెరికా సర్వర్లోనే ఉండిపోయాయి. అసలు ఎక్కడైనా, నలుగురితో కలిసి ఫ్లాష్‌పాయింట్ అనే గుంపు మిషన్‌లోకి దూరాక, ఇంట్లోంచి పిలుపొస్తేనో, ప్లాంట్ నుంచి ఫోనొస్తేనో మధ్యలో లేచిపోతే అవతలవాళ్ళకి ఇబ్బంది. క్విన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఎంతసేపైనా నిలబడతాడు.

ఒకప్పుడు నేనూ గుంపు మనిషినే. గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ళ బృందంలో హీలర్ని, ఎనిమిది మంది కలిసి ఆడే 'ఆపరేషన్' యుద్ధాలకి వారం వారం వెళ్ళేవాణ్ణి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెట్టన్నది నిలబడలేదు, స్తంభాలన్నీ రోడ్డు మీదే. మా వీధికి కరెంటొచ్చి, ఆ తర్వాత ఎప్పటికో నెట్ వచ్చి, లాగిన్ అయ్యేసరికి నా స్థానంలో ఇంకో హీలర్ కుదురుకున్నాడు. వాళ్ళ తప్పేం లేదు, హీలర్ లేకుండా ఎన్నాళ్ళు ఆగుతారు. కుర్రాళ్ళు మంచివాళ్ళే, తుఫాను సంగతి అడిగారు కూడా. కానీ ఆ తర్వాత నాకు గిల్డ్ మీద మనసు పోలేదు. ఓడ ఎక్కితే ఐదుగురూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. ఆ డ్రాయిడ్ కూడా, దాని దండాలతో.

ఆ ఐదుగుర్నీ 2015 కథలో లాగేసుకున్నారు. మన పాత్రని కార్బనైట్‌లో గడ్డకట్టించి ఐదేళ్ళు పడేస్తారు, లేచేసరికి మనవాళ్ళంతా చెట్టుకొకరు పుట్టకొకరు. లానా బెనికో అనే సిత్ వనిత వచ్చి లేపుతుంది. కొత్త ముఖాలతో కొత్త దళం. కథగా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ పాతవాళ్ళని తిరిగి కలుపుతామని చెప్పి కొంచెం కొంచెంగా, ఏళ్ళ మీద ఏళ్ళు లాగారు. కొంతమంది వచ్చినప్పుడు ఒక చిన్న సన్నివేశం, నాలుగు మాటలు, అంతే. పెళ్ళి చేసుకున్న మనిషి అన్నేళ్ళ తర్వాత ఎదురైతే నాలుగు మాటలా?

2016 డిసెంబర్లో వచ్చిన 'నైట్స్ ఆఫ్ ది ఎటర్నల్ థ్రోన్' విస్తరణలో ఇంకా పెద్ద దెబ్బ. యుద్ధం మధ్యలో వెట్, టోరియన్ ఇద్దరూ ప్రమాదంలో పడతారు. ఒకరినే కాపాడొచ్చు. రెండోవాళ్ళు చచ్చిపోతారు, నిజంగానే, మళ్ళీ రారు. నాకు ఆలోచన అక్కర్లేకపోయింది. మా బావమరిదికి టోరియన్ సొంత మనిషి, బౌంటీ హంటర్ ఐదుగురిలో ఒకడు. వాడు టోరియన్‌ని కాపాడుకున్నాడు. ఎవడి ఆట వాడిదే, ఎవడి తెర మీద వాడి శవం. అయినా ఆ ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మా అమ్మాయి వాళ్ళ మామయ్యతో మాట్లాడలేదు. "మావయ్య వెట్‌ని చంపేశాడు" అని వాళ్ళమ్మకి చెప్పింది. మా ఆవిడ కోడిగుడ్డు పులుసు వడ్డిస్తూ, వెట్ ఎవరు అని అడగలేదు, ఆవిడకీ తెలుసు.

ఈ చావుల వల్ల కథకి జరిగిన నష్టం ఇంకోటుంది. చచ్చిపోయే వీలున్న పాత్రకి ఆ తర్వాత పెద్ద పని ఇవ్వలేరు. కొందరి ఆటలో ఆ మనిషి బతికి ఉంటుంది, కొందరి ఆటలో లేదు. రెండు రకాలుగా రాసి, రెండు రకాలుగా గొంతు పెట్టించడం ఖర్చు. కాబట్టి బతికినవాళ్ళు కూడా మౌనంగా గోడ పక్కన నిలబడతారు, లానా బెనికో ఒక్కతే అందరి తరఫునా మాట్లాడుతుంది. లానా మంచి పాత్రే. ఇన్ని కబుర్లు ఆమె ఒక్కదాని నోటినుంచే రావడం విసుగు. నా వెట్ బతికే ఉంది. ఏం లాభం, చురక వేసి ఎన్నాళ్ళైందో.

క్విన్ 2017లో తిరిగొచ్చాడు, ఐయోకాత్ అనే చోట సామ్రాజ్యం పక్షాన నిలబడితే కనిపిస్తాడు. ఈసారి అతన్ని చంపే వీలు పెట్టారు. చాలామంది ఆనందంగా ఆ పని చేసేశారు, ఆరేళ్ళ పగ మరి. నేను వదిలేశాను. ఇది చెప్పడం మా బావమరిది వాదనకి బలమివ్వడమే, అయినా చెప్పాలి. పాత పద్ధతిలో క్విన్ నాతో ఉన్నది వేరే హీలర్ లేక. 2017 నాటికి నాకు ఎవడైనా హీలరే, వెట్ కూడా హీలరే. అతని అవసరం ఏమాత్రం లేదు. అవసరం లేని రోజున అతన్ని ఉంచుకున్నాను. ఆ నిర్ణయానికి బరువొచ్చింది కొత్త పద్ధతి వల్లే.

ఇదే చోట ఇంకో ఆట గుర్తు చెయ్యాలి. 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్'లో 2021 జూన్‌లో బ్లాక్‌వుడ్ విస్తరణతో పాటు కంపానియన్లు వచ్చారు, మొదట ఇద్దరే, బాస్టియన్, మిర్రీ. అక్కడ ఎవరైనా ట్యాంకుగా, హీలర్‌గా మారొచ్చు. కానీ ఇష్టాయిష్టాలకి లెక్క ఉంది, పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. బాస్టియన్‌కి జున్ను అంటే పడదు. మిర్రీ ముందు సీతాకోకచిలుకల్నీ మిణుగురుల్నీ పట్టకూడదు. తర్వాత వచ్చిన అజందార్ అనే పెద్దమనిషి ముందు పుట్టగొడుగులు కోస్తే ఆయనకి కోపం. మందుల తయారీకి పుట్టగొడుగులు ఏరుకునేవాళ్ళకి ఇది ప్రాణాంతకం, చాలామంది ఆయన్ని ఓ మూల దాచేసి పుట్టగొడుగులు కోసుకుని మళ్ళీ పిలుస్తారు. మా బావమరిది ఇది విని తల కొట్టుకున్నాడు. నాకైతే ముచ్చటేసింది. ఆయన చూడకుండా కోసుకోవాలి అనుకున్నామంటే, ఆయన చూస్తున్నాడని ఒప్పుకున్నట్టే కదా. స్వటోర్‌లో 2015 తర్వాత నేను ఎవరి కంటా పడకుండా ఏ పనీ చెయ్యలేదు. అవసరం రాలేదు. అయితే కథ, సంభాషణ, గొంతు విషయానికొస్తే బాస్టియన్ పది జన్మలెత్తినా వెట్ కాలేడు. అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి, మిర్రీ ఒక గుహ దాటేలోపు తన మూటంతా విప్పేస్తుంది.

ఇప్పుడిది ప్రతి ఆటలోనూ వస్తోంది. 'ఫైనల్ ఫాంటసీ 14'లో 2019 నుంచి గుంపుగా ఆడాల్సిన డంజన్లు కథలోని పాత్రలతోనే ఆడొచ్చు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో 2024లో అలాంటిదే పెట్టారు. మనుషులు దొరకని చోట బొమ్మల్ని నింపడం వాటి పని, పని బాగానే చేస్తాయి. వాటిలో ఎవరికీ మా అమ్మాయి పెన్సిలు కింద పెట్టదు.

డబ్బు సంగతి. స్వటోర్ ఉచితంగానే దింపుకోవచ్చు, స్టీమ్‌లో కూడా ఉంది. ఎనిమిది క్లాసుల అసలు కథలు, వాటి తర్వాతి రెండు విస్తరణలు, 60వ లెవెల్ వరకు పైసా ఇవ్వక్కర్లేదు. నెల చందా 14.99 డాలర్లు. ఒక్క నెల కట్టి ఆపేసినా అప్పటిదాకా వచ్చిన విస్తరణలన్నీ మనకి ఉండిపోతాయి. నా సలహా, ఉచితంగా ఒక క్లాసు కథ పూర్తిగా ఆడండి, ఐదుగురినీ ఓడెక్కించండి. అప్పటికి వాళ్ళు మీకు పట్టకపోతే ఇక్కడే ఆపేయండి, ముందుకెళ్ళి చందా కట్టినా పట్టరు. పడితే ఆ ఒక్క నెలా కట్టండి. పాత కంప్యూటర్ చాలు, ద్వారకానగర్లో నేను కొన్న సెకండ్ హ్యాండ్ డబ్బా మీద హాయిగా ఆడుతోంది.

ఏ క్లాసు అంటే, సిత్ వారియర్ అని నేనంటాను, బౌంటీ హంటర్ అని మధురవాడ అంటుంది. రిపబ్లిక్ వైపు వెళ్ళాలనుకుంటే స్మగ్లర్. కోర్సో రిగ్స్ అనే పల్లెటూరి కుర్రాడు ఆడవాళ్ళ ముందు మర్యాద తప్పితే ఊరుకోడు, మనం ఆడపాత్ర అయితే వాడి మర్యాదతో మనకే ఊపిరాడదు. జెడై కాన్సులర్ కథ నిదానం. అందులో కైజెన్ ఫెస్ అనే బల్లి మొహం వేటగాడు తన వేటలకి దేవత పాయింట్లు వేస్తుందని నమ్ముతాడు, వాడి కోసం భరించొచ్చు.

మార్కులంటారా, 50వ లెవెల్ వరకు కంపానియన్లకి ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు డ్రాయిడ్ తినేసింది. ఆ తర్వాతి కథలో రెండున్నర. యుద్ధంలో పనికొచ్చే విషయంలో, షిఫ్టులు చేసేవాడిగా, ఐదుకి ఐదు.

ఈ నెల నుంచి డార్త్ మాల్గస్‌లో కొత్తగా బౌంటీ హంటర్ మొదలుపెట్టాను. మాకోని హీలర్‌గానే ఉంచాను, మీట ముట్టుకోలేదు. బ్లిజ్ హోత్ గ్రహం వెళ్తేగానీ రాడు. వాడొచ్చాక ట్యాంక్‌గానే పెడతాను. వాడి చేత వైద్యం చేయించమని మధురవాడ ఎంత గోల చేసినా సరే, ఒప్పుకునేది లేదు.